తన్నిన బాబుగారు

మొన్న సాయంత్రం మా మనవడు ఆట నుంచి కుంటుకుంటూ వచ్చి, కుర్చీలో కాలు చాపుకుని, బెణికిన మడమకి నీలగిరి తైలం రాసుకున్నాడు. ఆ వాసన హాలంతా పరుచుకుని నా గదిలోకి వచ్చేసరికి, చదువుతున్న పత్రిక పక్కన పడేసి లేచాను. ఎందుకు లేచానో తెలియదు. కిటికీ దాకా వెళ్ళాను, మళ్ళీ మంచం దగ్గరికి వచ్చాను, వంటింట్లోకి వెళ్ళి ఏమీ తీసుకోకుండానే తిరిగొచ్చాను. ఈ వయసులో నన్నిలా ఇల్లంతా తిప్పగల వాసన అదొక్కటే. ముప్ఫైల మొదట్లో, ఏలూరు కాలవ గట్టున మా పెంకుటింటి వీధి అరుగు మీద, ఒకచోట నిలవలేని మనిషి ఒకాయన పొద్దున్నా సాయంత్రం ఆ తైలమే మోకాళ్ళకి మర్దనా చేసుకునేవాడు. ఆయన మా నాన్న తమ్ముడు, కామేశం బాబాయి.

బాబాయి అప్పుడు కలకత్తాలో ఒక క్లబ్బు తరఫున ఫుట్‌బాల్ ఆడేవాడు. సరదాకి ఆడడం కాదు, అదే ఆయన బతుకుతెరువు. ఉండడానికి గది, రెండు పూటలా భోజనం, నెల జీతం క్లబ్బువాళ్ళే చూసేవారు. పేరుకి ఏదో కంపెనీలో గుమాస్తా, ఆ ఆఫీసు మెట్లెక్కింది మాత్రం తక్కువ. ఇది మా వీధిలో ఎవరికీ మింగుడుపడేది కాదు. తాతగారి దాకా పౌరోహిత్యం చేసిన ఇల్లు మాది. నాన్న బళ్ళో తెలుగు పంతులు. కాలవలో స్నానం చేసి వచ్చే పెద్దలు మా అరుగు దగ్గర ఆగి, "ఏవండీ మేష్టారూ, మీ తమ్ముడు బంతిని తంతే జీతం ఇస్తారుటండీ?" అని అడిగేవారు. నాన్న పుస్తకంలోంచి తలెత్తకుండా "ఇస్తారండీ" అనేవారు. ఆ మాటలో సిగ్గుండేదో గర్వం ఉండేదో నాకు ఇప్పటికీ తెలియదు.

అక్కడ వానాకాలంతో ఆటల రోజులు అయిపోయేవి. దసరాకి మెయిల్లో దిగేవాడు బాబాయి, తోలుపెట్టె ఒక చేత్తో, సందేశ్ మిఠాయి బుట్ట మరో చేత్తో, వలలో కట్టిన బంతి భుజాన వేసుకుని. మామ్మ గుమ్మంలోనే ఆపేసేది. "ఒరేయ్, ఆ తోలు ముట్టుకున్న చేతుల్తో గడప దాటకు. ముందు నూతి దగ్గరికి నడు," అనేది. ఆయన నవ్వుతూ నూతి దగ్గర కూర్చుంటే, నేను చేద తోడే అమ్మ పక్కన నిలబడి ఆయన కాళ్ళే చూసేదాన్ని. ఆ రోజుల్లో మనవాళ్ళు వట్టి కాళ్ళతో ఆడేవారు, దొరల జట్లు మేకులున్న బూట్లతో ఆడేవి. ఆయన పాదాల మీద, ముంగాళ్ళ మీద చిన్న చిన్న గుంటల్లా తెల్లటి మచ్చలుండేవి. నేను ఒక్కో దాంట్లో వేలు పెట్టి "ఇదెవరిది?" అంటే, "అది సిపాయి పటాలం వాడిది. వాడు మంచివాడేలే బుల్లీ, తర్వాత వచ్చి చెయ్యి కలిపాడు," అని చెప్పేవాడు.

ఆయన ఉన్నన్నాళ్ళూ ఇల్లు ఊగుతున్నట్టుండేది. విస్తరి ముందు కూర్చున్నా ఒక మోకాలు అదురుతూనే ఉండేది. మామ్మ బూరెలు వడ్డిస్తూ ఆ మోకాలి మీద గరిటె కాడతో ఒక్కటి వేసేది. మధ్యాహ్నం ఏలూరు ఎండకి వీధి వీధంతా తలుపులు మూసుకుని పడుకుంటే ఆయన ఒక్కడే పెరట్లో, గచ్చు మీద మేం సుద్దతో గీసుకున్న తొక్కుడుబిళ్ళ గళ్ళలో ఒంటికాలి మీద గెంతుతూ తిరిగేవాడు. అట్లతద్ది నాడు మేం ఆడపిల్లలం గోంగూర పచ్చడి, పెరుగన్నం తిని, గోరింటాకు పండిన చేతులు ఒకళ్ళవొకళ్ళం చూసుకుంటూ ఉయ్యాల దగ్గరికి పరిగెడితే, మాకంటే ముందే అక్కడ నిలబడి, మమ్మల్ని కొమ్మల్లోకి విసిరేసినంత పైకి ఊపేవాడు. "చాలు బాబాయ్" అని ఏడిస్తేగాని ఆపేవాడు కాదు. ఎక్కడ ఆపాలో ఆయనకి తెలిసేది కాదు. ఆ మాట అప్పుడు తోచలేదు, తర్వాత తోచింది.

నాకు ఎనిమిదో ఏడు నడుస్తున్న ఆ సంవత్సరం ఆయన కలకత్తా నుంచి కొత్త బూట్లు తెచ్చుకున్నాడు. బురదలో జారిపోతున్నారని క్లబ్బువాళ్ళే కొనిచ్చారట. వాటిని అరుగు మీద పెట్టుకుని గంటలకొద్దీ ఆముదం పట్టించేవాడు. దీపావళి వెళ్ళిన వారానికి తాడేపల్లిగూడెంలో, రైలు స్టేషను వెనక మైదానంలో, ఏలూరు జట్టుకీ గూడెం జట్టుకీ పోటీ పెట్టారు. కలకత్తా ఆటగాడు వస్తున్నాడని ఊళ్ళకి ఊళ్ళు కదిలాయి. నాన్న నన్ను కూడా తీసుకెళ్ళారు. రైల్లో అమ్మ కట్టిచ్చిన పులిహోర తింటూ, కిటికీలోంచి బొగ్గు నలుసులు కళ్ళల్లో పడుతూంటే, మా బాబాయి ఆట చూడబోతున్నానని ఎదురుగా కూర్చున్న వాళ్ళందరికీ చెప్పాను.

గూడెం జట్టులో గోలు ముందు కాపలా కాసే కుర్రాడి పేరు పెద్దిరాజు. కొల్లేటి లంకవాడు. చేపలు పడని నెలల్లో గూడెం వచ్చి గూడ్సు షెడ్డులో బస్తాలు మోసేవాడు. ఇరవై ఏళ్ళుంటాయేమో, వట్టి కాళ్ళు, మోకాళ్ళ పైకి బిగించిన గళ్ళ పంచె. ఆట ఎవరి దగ్గరా నేర్చుకున్నవాడు కాదు. కానీ చిన్నప్పట్నుంచీ దోనెలో నిలబడి గడ వేసినవాడు. ఎటు తోసినా ఒరిగేవాడు కాదు. మొదటిసారి బాబాయి కాలి దగ్గర్నుంచి బంతి లాక్కుంటే జనం నవ్వారు. రెండోసారి లాక్కుంటే ఈలలు వేశారు. మూడోసారి మా నాన్న కూడా నవ్వారు. బాబాయి మొహం నేను చూశాను. విస్తరి ముందు మోకాలు అదిరినట్టు ఆయన దవడ అదురుతోంది.

నాలుగోసారి ఆయన దూరం నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి, ఉన్న బలమంతా పెట్టి బూటు కాలితో తన్నాడు. పెద్దిరాజు కాలు అడ్డం పెట్టాడు. చెరకు గడ విరిచినట్టు చప్పుడైంది. బంతి మాత్రం ఆగలేదు, గోల్లోకి వెళ్ళిపోయింది. జనం లేచి కేకలు పెట్టారు, బాబాయి అటు తిరిగి రెండు చేతులూ పైకెత్తాడు. ఆ కాస్సేపూ వెనక ఒక మనిషి పడి ఉన్నాడని ఆయనకి తెలియదు. నేను మాత్రం చూస్తూనే ఉన్నాను. పెద్దిరాజు అరవలేదు; గడ్డి పీకుతున్నాడు, గుప్పెడు తర్వాత గుప్పెడు.

ఎముకలు కట్టే ముసలాయన్ని ఎవరో పిలుచుకొచ్చారు. ఆయన వెదురు బద్దలు పెట్టి, పైపంచె చింపి చుట్టి, "బిగించి కట్టాలి, నా చేతుల్లో సత్తువ లేదు, ఎవరైనా పట్టండి," అన్నాడు. బాబాయి మోకాళ్ళ మీద కూర్చుని, చెమట కారుతూంటే, పళ్ళు బిగబట్టి ముడి లాగాడు. ముసలాయన చాలన్న తర్వాత కూడా ఇంకొక్క లాగు లాగాడు. ఇరవై ఒక్క రోజుల దాకా కట్టు విప్పకూడదన్నారు. పెద్దిరాజుని ఎడ్లబండిలో పడుకోబెట్టి కొల్లేటి వైపు పంపేశారు.

తిరుగు రైల్లో బాబాయి కూర్చోలేదు. ఏలూరు దాకా తలుపు దగ్గరే నిలబడ్డాడు.

పదో రోజున ఆయనా నాన్నా లంకకి బయల్దేరారు. నేనూ వస్తానని ఏడ్చి బండెక్కాను. కొల్లేరుని నేను మొదటిసారి చూసింది అప్పుడే. గట్టు దాటగానే అటు చివర కనిపించని నీళ్ళు, నీళ్ళ మీద ఎర్రతామరలు, తాటిమొద్దు తొలిచిన దోనె పక్కనుంచి బుడుంగున మునిగే పక్షులు, కార్తీకం చలికి పొగలా లేచే మంచు. దూరాన ఎవరో పంచెలు ఆరేసినట్టు గూడబాతులు బారులు తీరి కూర్చున్నాయి. చెయ్యి నీళ్ళలో పెట్టి నేను నవ్వుతూంటే, "ఇంకెంత దూరం? ఇంకెంత దూరం?" అని దోనెవాణ్ణి బాబాయి అడుగుతూనే ఉన్నాడు.

లంక అంటే నీళ్ళ మధ్య ఒక దిబ్బ, దాని మీద ఇరవై ముప్ఫై తాటాకు గుడిసెలు, పరిచిన ఎండు చేపలు, ఆరేసిన వలలు. పెద్దిరాజు నులక మంచం మీద ఉన్నాడు. దగ్గరికి వెళ్ళకముందే వాసన వచ్చింది. కట్టు కింద నుంచి బయటికి కనిపిస్తున్న వేళ్ళు నల్లగా ఉన్నాయి. నాన్న నా మొహం తన పంచెలోకి తిప్పేసుకున్నారు.

బాబాయి మంచం మీదికి వంగబోతే ఒకావిడ అడ్డంగా వచ్చి నిలబడింది. పెద్దిరాజు తల్లి, అంకమ్మ. సన్నటి మనిషి, గొంతు పెంచలేదు. "మీరు తన్నింది సాలండి బాబుగారూ. ఇంక ఆడి మీద చెయ్యెయ్యకండి," అంది.

నాన్న బతిమాలారు. ఏలూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్దామన్నారు. ఆవిడ కదల్లేదు. చివరికి మంచం మీద నుంచి పెద్దిరాజే, "అమా, ఎల్తానే. నొప్పి తట్టుకోలేకపోతన్నాను," అన్నాడు.

కాలు మోకాలి పైదాకా తీసేయవలసి వచ్చింది. ఆసుపత్రి మెట్ల మీద డాక్టరుగారు నాన్నతో చెప్పిన మాటలు నేను విన్నాను. ఎముక విరిగినందుకు పోయిన కాలు కాదండి ఇది, కట్టు మరీ బిగిసి నెత్తురు ఆడక చచ్చిపోయింది, మర్నాడు కట్టు వదులు చేసినా దక్కేది, అన్నారాయన. బాబాయి ఆ మెట్టు మీదే కూర్చున్నాడు. అంతసేపు కదలకుండా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

తర్వాత నెలలు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. బంతి, బూట్లు అటకెక్కాయి. ఉగాది వెళ్ళగానే ఆటకి రమ్మని కలకత్తా నుంచి టెలిగ్రాం వచ్చింది, వెనకే ఇంకోటి వచ్చింది. వాటిని మడిచి గూట్లో పెట్టాడు. తెల్లారకుండా లేచి తమ్మిలేటి వాగు దాకా నడిచి, వచ్చి, మళ్ళీ వెళ్ళేవాడు. భోజనానికి పిలిస్తే సగం తిని లేచేవాడు. మామ్మ ముడుపు కట్టింది, రక్షరేకు వేయించింది. ఒకరోజు నాన్న పరీక్ష కాగితాలు దిద్దుకుంటూంటే ఎదురుగా వచ్చి నిలబడి, "అన్నయ్యా, నేను డాక్టరీ చదువుతాను," అన్నాడు.

నాన్న కళ్ళజోడు తీశారు. "నీకు ఇరవయ్యారేళ్ళొచ్చాయిరా. నీ పక్కన కూర్చునేవాళ్ళంతా పద్దెనిమిదేళ్ళ పిల్లలు."

"వయసుకేం గానీ అన్నయ్యా, కూర్చోవడమే నాకు కష్టం. కూర్చుంటాను."

మద్రాసులో ఒక వైద్య పాఠశాల ఆయన్ని వెంటనే చేర్చుకుంది, జట్టుకి మంచి ఆటగాడు దొరికాడని. 'వీళ్ళు నా తలని కాదు, కాళ్ళని చేర్చుకున్నారు,' అని ఉత్తరం రాశాడు. సీటు కోసం ఆడాడుగానీ మళ్ళీ బూట్లు తొడగలేదట, గోలుకి గురిపెట్టి తన్ననూ లేదట. బంతి దొరికితే పక్కవాడికి అందించేసేవాడట. ఒక పరీక్ష రెండుసార్లు తప్పాడు. సెలవులకి వస్తే మెయిల్ దిగిన రోజు నుంచే పెరట్లో గచ్చు మీద బొగ్గుతో ఎముకలు గీసి బట్టీపట్టేవాడు. నా కాలు ఆయన ఒళ్ళో పెట్టుకుని, మోకాలి నుంచి మడమ దాకా వేలితో నొక్కుతూ, "ఇది టిబియా బుల్లీ, దీని వెనక సన్నటిది ఫిబులా. ఇదిగో, ఇక్కడ నాడి కొట్టుకుంటుంది, చూడు," అనేవాడు. కట్టు కట్టిన కాలికి మొదట చూడవలసింది ఆ నాడేనట. నేను గచ్చకాయలు పక్కన పడేసి, రెండేళ్ళలో ఒంట్లో ఎముకలన్నీ నేర్చేసుకున్నాను. మామ్మ మాత్రం "శవాల్ని ముట్టుకొచ్చిన చేతులు" అని నూతి దగ్గరికే తరిమేది.

పట్టా చేతికొచ్చాక ఏలూరు బజార్లో బోర్డు కట్టుకుంటాడని అందరూ అనుకున్నారు. ఆయన గుండుగొలను వెళ్ళి, కొల్లేటికి దగ్గరగా రెండు గదుల ఇల్లు తీసుకున్నాడు. పెళ్ళి చేసుకోలేదు. వండిపెట్టడానికి మామ్మ వెళ్ళింది. సెలవులకి నేనూ వెళ్ళేదాన్ని. ఊళ్ళోవాళ్ళు వచ్చేవారుగానీ, ఆయన ఎవరికోసం వెళ్ళాడో ఆ లంకలవాళ్ళు రాలేదు. ఏడాది పాటు ఒక్క దోనె కూడా ఊరి రేవుకి ఆయన కోసం రాలేదు. చలిజ్వరంతో ఒణుకుతూ సంతకి వచ్చినవాళ్ళు సైతం క్వినైన్ వద్దని పక్కకి తప్పుకునేవారు. "ఆయన తన్నిన బాబుగారు," అనుకునేవారు. ఆ పేరు అంకమ్మ పెట్టిందో, నీళ్ళ మీద తనంతట తానే పుట్టిందో తెలియదు. ఆయన మందుల పెట్టె సర్దుకుని రేవు దాకా వెళ్ళి, నిలబడి, వచ్చేవాడు.

నా పదిహేనో ఏట దసరా సెలవుల్లో తుఫాను వచ్చింది. వాగులన్నీ ఒక్కసారి పొంగి కొల్లేట్లో పడ్డాయి. గట్లు మునిగాయి, లంకల్లో గుడిసెల చూరుల దాకా నీళ్ళొచ్చాయి. నీళ్ళు తీయడం మొదలయ్యాక కలరా దిగింది. బాబాయి ముందుగా నాకూ మామ్మకీ సూదులు వేసి, ఊరంతా వేసుకోమని ఇంటింటికీ తిరిగాడు. ఆ రోజుల్లోనే ఒకనాటి పొద్దున్న రేవులో దోనె ఆగింది. గడ వేస్తున్నవాడు నిలబడి లేడు, మొద్దు మీద కూర్చుని వేస్తున్నాడు. పంచె ఒక వైపు మడిచి దోపి ఉంది.

"మాయమ్మకి వచ్చిందండి," అన్నాడు పెద్దిరాజు. "మిమ్మల్ని పిలవద్దంది. నేనే వచ్చానండి."

బాబాయి దగ్గర పనిచేసే కాంపౌండరు వరదకి వాళ్ళ ఊరెళ్ళి రాలేదు. సీసాలూ రబ్బరు గొట్టాలూ ఉన్న పెట్టె పట్టుకుని నేను దోనె ఎక్కాను. "నువ్వు దిగు," అన్నాడు బాబాయి. నేను దిగలేదు. గట్టు మీద నుంచి మామ్మ నా పేరు పెట్టి అరుస్తూనే ఉంది. పెద్దిరాజు ఎవరి మాటా వినకుండా గడ వేసి తోసేశాడు.

అంకమ్మ అప్పటికే కళ్ళు లోతుకుపోయి, వేళ్ళు ముడతలు పడి, చల్లగా ఉంది. నేను పొయ్యి మీద నీళ్ళు కాచాను, ఆయన చెప్పినట్టు కొలిచి ఉప్పు కలిపాను. ఆ ఉప్పునీళ్ళు ఎక్కించడానికి బాబాయికి నరం దొరకలేదు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు పొడిచాడు. కాలు దగ్గర చివరికి దొరికింది. గుడిసె మధ్య నిట్టాడి గుంజకి సీసా కట్టి, సూది కదలకుండా ఆవిడ కాలు రెండు చేతుల్తో పట్టుకుని ఆయన కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటింది. ఆయన మోకాలు అదరలేదు. పొద్దు వాలేవేళకి అంకమ్మ కళ్ళు తెరిచి ఆయన్ని గుర్తుపట్టింది.

బాబాయి ఉన్నట్టుండి చెప్పేశాడు. "అంకమ్మగారూ, మీ వాడి కాలు నా తన్నుకి పోలేదు. ఆ కట్టు ముడి నేను బిగించాను. చాలన్నా వినకుండా బిగించాను. దానికే పోయింది."

పెద్దిరాజు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. అతను తల తిప్పలేదు. అతనికి ఆ సంగతి మొదటి రోజు నుంచీ తెలుసునని, తల్లికి చెప్పలేదని నాకు అప్పుడే అర్థమైంది.

"ఇప్పుడియ్యన్నీ ఎందుకు బాబూ," అంది అంకమ్మ, గాలిలాంటి గొంతుతో. "ఆ సూది ఊడిపోతంది, సూసుకోండి."

ఆవిడ బతికింది. ఆ లంకలో పద్నాలుగు మందికి ఉప్పునీళ్ళు ఎక్కించాడు ఆ వారంలో, ఐదుగురు పోయారు. కార్తీకంలో ఒక ఉదయం మా గుమ్మం ముందు తాటాకు బుట్ట ఉంది, దాన్నిండా బతికున్న కొరమీలు, తడి గడ్డి కప్పి. అంకమ్మ పంపిందట. మాది చేప పేరు కూడా ఎత్తని ఇల్లు. మామ్మ కొంగు దోపుకుని, తన చేత్తోనే ఆ బుట్టని ఎండలోంచి నీడకి జరిపి, "పక్కింటి వాళ్ళకిచ్చి రా. పంపింది ఎవరో చెప్పు," అంది నాతో. ఆ రోజు రెండోసారి స్నానం చేసింది.

ఆ తర్వాత మూడు దశాబ్దాలు బాబాయి లంకలన్నీ తిరిగాడు, పెద్దిరాజు దోనెలోనే. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకునేవారో నాకు తెలియదు. నేను పెళ్ళై దూరం వెళ్ళిపోయాను. ఉత్తరాల్లో మాత్రం 'నిలకడగా ఉన్నాను' అని ఒక్కసారీ రాయలేదు ఆయన.

ఈమధ్య మా అబ్బాయి కారులో గుండుగొలను మీదుగా ఆ వైపు తీసుకెళ్ళాడు. ఆనాడు సగం పూట పట్టిన దారి పావుగంటలో అయిపోయింది. నీళ్ళు గళ్ళు గళ్ళుగా చేపల చెరువులైపోయాయి, గట్ల మీద ఐసు లారీలు, ఎటు చూసినా సిమెంటు దిమ్మలు. తామర ఒక్కటీ కనిపించలేదు. తాటిదోనె అంటే పిల్లలకి తెలియదు. లంక అని నేను చూపించిన చోట టీ దుకాణం ఉంది. దాన్ని నడిపే ఆయన్ని పెద్దిరాజు అనే మనిషి తెలుసా అని అడిగితే, "మా తాతేనండి," అన్నాడు సంబరంగా. "ఎవరో డాక్టరుగారికి దోనె నడిపేవోడంట. ఒంటికాలి మనిషండి."

"కాలు ఎలా పోయిందో చెప్పేవారా?" అన్నాను.

"చెప్పేవోడండి. గూడెంలో బస్తాలు మోసేటప్పుడు రైలు కింద పడి పోయిందంట. డాక్టరుగారు వచ్చింది ఆ తర్వాతేనంటండి."

టీ చల్లారిపోయేదాకా గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఇది రాయాలా వద్దా అని గదిలోంచి హాల్లోకి, హాల్లోంచి గదిలోకి తిరుగుతున్నాను. ఆ మైదానంలో ఉన్నవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే. పెద్దిరాజు తన మనవలకి ఒక మాట చెప్పి వెళ్ళాడు. ఆ మాటని నేనిప్పుడు కొట్టేస్తున్నాను.